పన్నెండు ఊళ్ళ రాజ్యంలో పహాణీ ఎవరు రాసేవాళ్ళు?

ఈ మధ్య ఒక మిత్రుడు తాను రాసిన కథ పంపి చదవమన్నాడు. అందులో 1940లో నిజాం సర్కారు ఆదిలాబాద్ అడవుల్లోని జోడేఘాట్ మీదికి పోలీసుల్ని పంపదు. గోండు నాయకుడు కుమ్రం భీంతో కూర్చుని మాట్లాడి, ఆయన అడిగిన పన్నెండు ఊళ్ళనూ గోండులకే వదిలేస్తుంది. కథ ముందుకు నడిచేకొద్దీ ఆ ఊళ్ళ చుట్టూ కెరమెరి, తిర్యాణి, ఉట్నూరు, నార్నూరు చేరి ఒక స్వయంపాలిత ప్రాంతం తయారవుతుంది. దానికి సొంత జెండా, సొంత పోలీసు, ఢిల్లీలో ఒక ప్రతినిధి. ముసలివాడైన భీం జోడేఘాట్ గుట్ట మీద మనవళ్ళతో కూర్చుని ఉండగా కథ ముగుస్తుంది.

ఆ చివరి పేజీ చదువుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. నిజంలో భీం 1940లోనే జోడేఘాట్‌లో పోలీసుల తూటాలకు చనిపోయాడు, ఆయన్ని అలా ముసలివాడిగా ఎవరూ చూడలేదు కదా. కానీ కథ పక్కన పెట్టాక ఒక ప్రశ్న వదల్లేదు. ఆ రాజ్యంలో పహాణీ, అంటే ఏ చేను ఎవరిదో చెప్పే రికార్డు, ఎవరు రాసేవాళ్ళు? అడవి హద్దు రాళ్ళు ఎవరు పాతేవాళ్ళు? షావుకారుకు వడ్డీ వ్యాపారం లైసెన్సు ఎవరిచ్చేవాళ్ళు? కథలో జెండా రంగులు ఉన్నాయి, ఇవి లేవు.

ఇలాంటి ఊహలు పనికిరానివని నేననను. చాలా పనికొస్తాయి. కాకపోతే మనం రాజు దగ్గర, జెండా దగ్గర ఆగిపోతున్నాం. ఆదిలాబాద్ గోండులు, కోలాములు పోగొట్టుకున్నది సింహాసనం కాదు. తమ భూమి గురించి, తమ అడవి గురించి, తమ పిల్లల చదువు గురించి నిర్ణయించి కాగితం మీద పెట్టే అధికారం. అది వాళ్ళకు దక్కే అవకాశం నిజంగానే ఒకసారి దగ్గరదాకా వచ్చింది. ఊహించాలంటే అక్కడినుంచి ఊహించాలి.

భీం కాదన్నది

జోడేఘాట్ కథలో నన్ను ఎప్పుడూ ఆపేసే ఘట్టం యుద్ధం కాదు, అంతకు ముందు జరిగిన బేరం. సర్కారు తరఫున వచ్చిన అధికారి భూములకు పట్టాలిస్తామన్నాడని, అప్పులు మాఫీ చేస్తామన్నాడని చెప్పుకుంటారు. ఏ పేద రైతు కుటుంబమైనా కళ్ళకద్దుకునే మాట అది. భీం ఒప్పుకోలేదు. పట్టాతో పాటు ఆ పన్నెండు ఊళ్ళ మీద పెత్తనం కూడా కావాలన్నాడు. ఎందుకంటే పట్టా ఇచ్చిన చెయ్యే రేపు దాన్ని లాక్కోగలదు. జోడేఘాట్, పట్నాపూర్, బాబేఝరి, టోకెన్‌మోవాడ్ లాంటి ఊళ్ళలో పోడు కొట్టుకుని బతికే మనిషి, పెద్ద చదువు లేని మనిషి, భూమి హక్కుకూ పాలన హక్కుకూ మధ్య తేడాను అంత స్పష్టంగా పట్టుకున్నాడు. మనం మాత్రం "జల్ జంగల్ జమీన్" అని గోడల మీద రాసుకుని ఆ నాలుగో మాట, రాజ్ అనే మాట, మెల్లగా వదిలేశాం.

భీం కొన్నేళ్ళు అస్సాం తేయాకు తోటల్లో కూలికి పోయి వచ్చాడంటారు. అదే అస్సాం కొండలకు, ఆయన చనిపోయాక పదేళ్ళు కూడా తిరక్కుండా, రాజ్యాంగంలో ఆరో షెడ్యూలు వచ్చింది. ఆయన సొంత గడ్డకు రాలేదు.

కుర్చీలో ఎవరూ లేని సభ

ఎందుకు రాలేదన్నది చాలామంది పట్టించుకోని సంగతి.

రాజ్యాంగ సభ ఆదివాసీ ప్రాంతాల కోసం ఉపసంఘాలు వేసింది. అస్సాం కొండలకు గోపీనాథ్ బోర్దొలాయ్ నాయకత్వంలో ఒకటి, మిగతా ప్రావిన్సులకు ఠక్కర్ బాపా నాయకత్వంలో ఒకటి. బోర్దొలాయ్ సంఘం సిఫార్సులే ఆరో షెడ్యూలయ్యాయి. అక్కడ జిల్లా కౌన్సిళ్ళు ఎన్నికవుతాయి, చట్టాలు చేస్తాయి. మిగతా దేశానికి ఐదో షెడ్యూలు దక్కింది. ఇక్కడ గవర్నరు రెగ్యులేషన్లు చేస్తాడు, ఇరవై మందికి మించని గిరిజన సలహా మండలి సలహా ఇస్తుంది. ఒకచోట చట్టం చేసే హక్కు, ఇంకోచోట సలహా చెప్పే హక్కు.

ఈ తేడా ఎందుకని సభలోనే అడిగారు. 1949 సెప్టెంబరులో అంబేద్కర్ ఇచ్చిన జవాబు సారాంశం ఇది: అస్సాం గిరిజనుల మూలాలు వాళ్ళ సొంత సంస్కృతిలోనే ఉన్నాయి, మిగతా చోట్ల గిరిజనులు చుట్టూ ఉన్న మెజారిటీ సమాజంలో చాలావరకు కలిసిపోయారు. అంబేద్కర్ మీద నాకున్న గౌరవం చిన్నది కాదు. అయినా ఈ మాట ఆదిలాబాద్ విషయంలో తప్పని గట్టిగా చెప్తాను. సొంత భాష, సొంత దేవుళ్ళు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు వేల్పుల గోత్రాల కట్టు, ఊరి పెద్ద అయిన పట్ల దగ్గర తీరే తగాదాలు, వంశ గాయకులైన ప్రధానులు కిక్రీ వాద్యం వాయిస్తూ పాడే సొంత పురాణం ఉన్న జాతి ఎందులో కలిసిపోయినట్టు? ఈ సంగతి ఆ రోజు చెప్పడానికి మన వైపు నుంచి ఎవరూ లేరు. హైదరాబాదు సంస్థానం నుంచి రాజ్యాంగ సభలో సభ్యులే లేరు. ఛోటానాగ్‌పూర్ కోసం జైపాల్ సింగ్ ముండా ఉన్నాడు. ఆదివాసులకు మీరు ప్రజాస్వామ్యం నేర్పనక్కర్లేదు, వాళ్ళ దగ్గరే నేర్చుకోవాలని 1946లోనే అదే సభలో అన్నవాడాయన. జోడేఘాట్ తరఫున, ఉట్నూరు తరఫున మాట్లాడే గొంతు ఆ హాల్లో లేదు.

విచిత్రమేమిటంటే అదే కాలంలో హైదరాబాదులో వేరే ప్రయత్నం నడుస్తోంది. భీం చనిపోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం సర్కారుకు తోచింది. రెండో ప్రపంచ యుద్ధం వల్ల హైదరాబాదులో చిక్కుపడిపోయిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఆదిలాబాద్ గూడేల్లో తిరిగి నివేదికలు రాశాడు. మర్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ మొదలైంది, దేవనాగరిలో గోండీ వాచకాలు తయారయ్యాయి, వేల కుటుంబాలకు పట్టాలు అందాయి. ఆపైన గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. నిజాం కాలపు ఫస్లీ లెక్కలో 1356లో ఒకటి, దాన్ని మారుస్తూ పోలీసు చర్య తర్వాత 1949లో, అంటే 1359 ఫస్లీలో మరొకటి. నోటిఫై చేసిన ఊళ్ళలో గిరిజన పంచాయతీలు పెట్టి చిన్న చిన్న సివిల్, క్రిమినల్ తగాదాలు వాటికే అప్పగించడానికి అందులో వీలుంది.

అది స్వయంపాలన కాదు, ఒప్పుకుంటాను. పైన ఏజెంటుగా కలెక్టరే ఉన్నాడు. కానీ మొలక అది. 1963లో దాన్ని రద్దు చేసి, ఆంధ్ర ఏజెన్సీ కోసం చేసిన 1959 భూ బదలాయింపు రెగ్యులేషన్‌ను తెలంగాణకు విస్తరించారు. భూమి రక్షణ పేరుతో ఒక కాగితం వచ్చింది, పంచాయతీ అధికారం పోయింది. మిత్రుడి కథకు మలుపు కావాలంటే 1940 కంటే ఈ రెండు తేదీలు బలమైనవి. 1949లో ఎవరో ఒకరు ఢిల్లీలో లేచి నిలబడి ఉంటే? 1963లో ఆ రెగ్యులేషన్ రద్దు కాకుండా పెరిగి ఉంటే?

మధ్యలో 1956 కూడా ఉంది. భాష ప్రకారం రాష్ట్రాలు గీసినప్పుడు తెలుగు లెక్కపెట్టారు, మరాఠీ లెక్కపెట్టారు. రాజురా, కిన్వట్ అటు పోయాయి, ఉట్నూరు, ఆసిఫాబాద్ ఇటు వచ్చాయి. గోండీ మాట్లాడేవాళ్ళని మీరెటు అని ఎవరూ అడగలేదు. ఇప్పటికీ పెళ్ళి సంబంధాలు ఆ హద్దు దాటే కలుస్తాయి.

దర్బారులో ఒక ముసలాయన

కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు జరుగుతుంది. హైమెండార్ఫ్ రోజుల్లో మొదలైన ఆనవాయితీ. పుష్య అమావాస్యకు మెస్రం వంశం వాళ్ళు గోదావరి నీళ్ళు కాలినడకన తెచ్చి పూజ చేశాక, అధికారులు, నాయకులు వచ్చి అర్జీలు తీసుకుంటారు.

ఒక ఏడాది ఆ షామియానా పక్కన నిలబడి ఉన్నాను. తలపాగా కట్టుకున్న ఒక ముసలాయన ఎరువుల సంచిని కత్తిరించి కుట్టుకున్న కవరులోంచి కాగితాలు తీశాడు. పైన కొత్త అర్జీ, కింద పాతవి. ఒక్కోదాని మీద ఒక్కో ఆఫీసు ముద్ర. ఆయన గోండీలో మొదలుపెట్టాడు. బల్ల వెనకున్న ఉద్యోగికి అర్థం కాలేదు. మరాఠీలోకి మారాడు. అదీ కాలేదు. అప్పుడు పక్కనున్న కుర్రాడు తెలుగులో చెప్పాడు: "సార్, తాత చేను పాత పహాణీల ఉన్నది, కొత్త దాంట్ల లేదు." ఉద్యోగి మర్యాదగానే అర్జీ తీసుకుని, నంబరు వేసి, పై వాళ్ళకు పంపుతామన్నాడు. ముసలాయన రాం రాం చెప్పి, ఆ నంబరు చీటీని పాత కాగితాల మధ్య జాగ్రత్తగా పెట్టుకున్నాడు.

అక్కడ చెడ్డవాళ్ళెవరూ లేరు. ఆ ఉద్యోగి కూడా పొద్దుటినుంచి ఎండలో కూర్చున్నవాడే. కానీ సొంత దేవుడి గుడి ముందు, సొంత నేల మీద, ఆ తాత తన మాట చెప్పుకోవడానికి మూడో భాష దాకా పోవాల్సి వచ్చింది. నేను స్వయంపాలన అన్నప్పుడు నా మనసులో మెదిలేది ఇదే. బల్ల వెనక కూర్చునేవాళ్ళకు గోండీ రావాలి. పై వాళ్ళు ఉట్నూరులోనే ఉండాలి. వాళ్ళని ఎన్నికల్లో దింపే వీలు తాతకు ఉండాలి.

ఆరో షెడ్యూలు కింద జిల్లా కౌన్సిలుకు ముప్పై మంది దాకా సభ్యులుంటారు, నలుగురిని మించి గవర్నరు నామినేట్ చేయలేడు. భూమి కేటాయింపు, వారసత్వం, పెళ్ళి, ఊరి కమిటీల మీద అది చట్టం చేయొచ్చు. ప్రాథమిక బడిలో ఏ భాషలో చెప్పాలో నిర్ణయించొచ్చు. నాలుగింట మూడొంతుల మెజారిటీ ఉంటే గిరిజనేతరుల వడ్డీ వ్యాపారాన్ని నియంత్రించొచ్చు. ఈ ఒక్క చివరి అధికారం 1950ల్లో ఉట్నూరులో ఉంటే ఎన్ని చేలు చేతులు మారకుండా ఉండేవో. బడి భాష సంగతి కూడా అంతే. నార్నూరు మండలం గుంజాలలో గోండీ లిపి రాతప్రతులు బయటపడ్డాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. దేశంలో దాదాపు 30 లక్షల మంది మాట్లాడే భాష అది. మర్లవాయి వాచకాలు ఆగకుండా సాగి ఉంటే ఈపాటికి మూడు తరాలు గోండీలో అక్షరాలు దిద్దేవి.

కోలాంగూడ నుంచి చూస్తే

ఇక నాకున్న అనుమానాలు. ఇవి చిన్నవి కావు.

కెరమెరి దగ్గర ఒక కోలాం యువకుడితో ఈ ఊహ గురించి మాట్లాడుతుంటే ఆయన చాలాసేపు విని ఒకే మాట అడిగాడు: "గోండు రాజ్యం వస్తే మాకేమొస్తది సార్? అప్పుడు గూడ మేం గుట్ట మీదనే ఉంటం గదా." కోలాముల భాష వేరు. గుట్టల మీద పోడు చేసుకునేవాళ్ళు కాబట్టి రిజర్వు ఫారెస్టు హద్దులు గీసినప్పుడు ముందు దెబ్బ తగిలింది వాళ్ళకే. గోండులు కోలాం పూజారిని గౌరవిస్తారు, నిజమే. గౌరవం వేరు, కౌన్సిల్లో సీటు వేరు. తోటీలు, ప్రధానులు లాంటి చిన్న తెగల సంగతీ అదే. సంఖ్యాబలం లేనివాళ్ళకు సీట్లు ముందే రాసిపెట్టకపోతే పన్నెండు ఊళ్ళ రాజ్యంలో కూడా వాళ్ళు అర్జీదారులుగానే మిగులుతారు.

లంబాడాల విషయం ఇంకా ముడిపడింది. 1976 చట్టంతో తెలంగాణలో వాళ్ళు షెడ్యూల్డ్ తెగల్లోకి వచ్చారు. పక్కనున్న మహారాష్ట్రలో వాళ్ళు ఆ జాబితాలో లేరు. 2017 చివర్లో, లంబాడాలను ఆ జాబితాలోంచి తీసేయాలన్న గొడవతో, ఉట్నూరు ప్రాంతం ఎంత టెన్షన్‌లో ఉందో ఇక్కడివాళ్ళెవరూ మర్చిపోరు. నా చిన్ననాటి స్నేహితుల్లో లంబాడాలు ఉన్నారు, గోండులు ఉన్నారు. ఆ డిసెంబరులో రెండు వైపులా ఫోన్ చేయాలంటేనే భయమేసింది. కౌన్సిల్ ఉంటే ఈ గొడవ జరిగేది కాదని నేను చెప్పలేను. అస్సాంలోని బోడోలాండ్‌లో కౌన్సిల్ 2003లో వచ్చింది, అక్కడ జాతుల మధ్య గొడవలతో 2012లో లక్షల మంది ఇళ్ళు వదిలి శిబిరాల్లో తలదాచుకున్నారు. ఒక జాతి పేరుతో ప్రాంతం గీస్తే, ఆ గీత లోపలున్న మిగతా జాతులు రాత్రికి రాత్రే అతిథులైపోతారు.

మేఘాలయ ఇంకో పాఠం. అక్కడ భూమి గిరిజనులదే, కౌన్సిళ్ళూ ఉన్నాయి. అయినా ఎలుక బొరియల్లాంటి బొగ్గు గనుల్ని 2014లో హరిత ట్రిబ్యునల్ నిషేధించాల్సి వచ్చింది. 2018 డిసెంబరులో నీళ్ళు నిండిన గనిలో పదిహేను మంది కూలీలు చిక్కుకుపోయారు. భూమి మనవాళ్ళ చేతిలో ఉన్నంత మాత్రాన మనవాళ్ళందరి చేతిలో ఉన్నట్టు కాదు. పైగా పంచాయతీల్లో ఆడవాళ్ళకు సీట్లు కేటాయించిన 73వ సవరణ ఆరో షెడ్యూలు ప్రాంతాలకు వర్తించదు. గోండు తగాదాల్లో తీర్పు చెప్పే రాయ్ సెంటర్ల మీద నాకు నమ్మకం ఉంది, కోర్టు ఖర్చు లేకుండా ఒక్క పూటలో తేల్చేస్తాయి. కానీ ఆ చాప మీద కూర్చునే పెద్దలు దాదాపు అందరూ మగవాళ్ళే. ఆ చాపకే చట్టం బలం తోడైతే, భర్త వదిలేసిన ఆడమనిషి ఎవరికి మొరపెట్టుకోవాలి? కౌన్సిల్లో సగం సీట్లు ఆడవాళ్ళవి కావాలన్నది నా ఊహలో మొదటి షరతు.

ఇంత చెప్పాక, ఇన్ని లోపాలుంటే ఇక ఎందుకని అడగొచ్చు. ఐదో షెడ్యూలులో ఈ లోపాలేవీ తగ్గలేదు, అందుకే. వడ్డీ, కబ్జా, జాతుల మధ్య గొడవ అన్నీ ఇక్కడా జరిగాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభ పెట్టుకోవడానికి వచ్చినవాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపారు. చెడ్డ కౌన్సిల్‌ని ఐదేళ్ళకోసారి దించొచ్చు. సలహా మండలి సలహాను పక్కన పెట్టిన గవర్నరును ఏ గూడెం దించగలదు?

రిజర్వు ఫారెస్టు

అయితే మిత్రుడి కథకే కాదు, నా ఊహకు కూడా అడ్డం తగిలేది ఒకటుంది. ఆరో షెడ్యూలు కౌన్సిల్‌కు అడవి మీద అధికారం ఇచ్చింది గానీ రిజర్వు ఫారెస్టును మినహాయించి ఇచ్చింది. భీం పోరాడిందే రిజర్వు గీత మీద. అంటే 1950లో ఆదిలాబాద్‌కు ఆరో షెడ్యూలు యథాతథంగా వచ్చి ఉన్నా ఆయన అసలు కోరిక తీరేది కాదు. కాబట్టి ఊహలోనైనా ఆ వాక్యం మార్చాలి: రిజర్వు హద్దు కొత్తగా గీయాలన్నా, ఉన్నది జరపాలన్నా కౌన్సిల్ ఒప్పుకోవాలి.

ఇది పాత కథ కూడా కాదు. 2012లో కవ్వాల్ టైగర్ రిజర్వు వచ్చింది. 2025లో పులుల కారిడార్ కోసం జీవో 49 ఇచ్చి కన్జర్వేషన్ రిజర్వు ప్రకటించారు. దానికి పెట్టిన పేరు కుమ్రం భీం. అడవి హద్దు కోసం ప్రాణమిచ్చిన మనిషి పేరునే ఇంకో అడవి హద్దుకు పెట్టారు. ఊళ్ళు లేచాక జీవోను నిలిపివేశారు. నిలిపివేయడం రద్దు చేయడం కాదు. పులి బతకాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ జీవో ముసాయిదా ముందు ఉట్నూరులో కౌన్సిల్ బల్ల మీదికి వచ్చి, గోండీలో, కోలామీలో చదివి వినిపించి, ఎక్కడ పులి తిరుగుతుందో రోజూ చూసేవాళ్ళతో కలిసి హద్దు గీసి ఉంటే, అది వేరే కాగితమయ్యేది.

చివరగా నా సంగతి. మాది గిరిజనేతర కుటుంబం. నాన్న ఉద్యోగం వల్ల ఉట్నూరులో అద్దె ఇంట్లో పెరిగాను. భూ బదలాయింపు రెగ్యులేషన్‌కు 1970లో చేసిన సవరణ తర్వాత ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనడం చెల్లదు. అయినా తెల్ల కాగితం మీద ఒప్పందం రాసుకుని, గోండు పేరు మీద ప్లాటు తీసుకోమని మా బంధువులే నాన్నకు ఎన్నోసార్లు చెప్పారు. అమ్మే ఇంటివాళ్ళ అవసరం ఏదైనా కావచ్చు, ఆస్పత్రి ఖర్చో, కూతురి పెళ్ళో. కాగితం మాత్రం ఒకే రకం. నాన్న తీసుకోలేదు, తీసుకున్నవాళ్ళ ఇళ్ళు ఇప్పుడు మెయిన్ రోడ్డు మీద ఉన్నాయి.

నేను ఊహిస్తున్న ప్రాంతంలో మాలాంటివాళ్ళ స్థానం ఏమిటని మిత్రుడు అడిగాడు. తన కథలో మేం లేమని అప్పుడే గమనించాడట. నా జవాబు ఇది. మా రేషను, మా బడి, మా ఆస్పత్రి, మా వీధి దీపం గురించి మాకు ఓటు ఉండాలి, కౌన్సిల్లో కొన్ని సీట్లూ ఉండాలి. తరాలుగా అక్కడున్న దళిత కూలీ కుటుంబాలకు ఇంటి జాగా మీద భద్రత ఉండాలి. చేను కొనే హక్కు, భూమి చట్టం మీద ఓటు నాలాంటివాళ్ళకు అక్కర్లేదు. ఈ చివరి మాట దగ్గర మిత్రుడు ఇంకా ఒప్పుకోలేదు. ఒక పౌరుడికి సగం ఓటేమిటని వాదిస్తున్నాడు. కథను తిరగరాస్తున్నాడు, ఈసారి 1949 నుంచి మొదలుపెట్టి.